గట్టు మీద నుంచి బాస్ చేపకి క్యాస్టింగ్ రాడ్ ఎలా చూసి కొనుక్కోవాలి

బాస్ అనే మంచినీటి చేప కోసం రాడ్, అంటే గాలపు కర్ర, కొనాలి అనుకోగానే మనం ముందు చేసే పని వీడియోలు చూడటం. ఆ వీడియోల్లో ఉండేదేమో బోటు మీద నిలబడి వేసేవాళ్లు, వాళ్ల వెనక ఆకాశం తప్ప ఏమీ ఉండదు, పక్కన ఏడెనిమిది రాడ్లు వరసగా పడుకోబెట్టి ఉంటాయి, ఒకటి కుదరకపోతే ఇంకోటి తీస్తారు, లూర్, అంటే నకిలీ ఎర, ఎక్కడన్నా ఇరుక్కుంటే బోటు తీసుకెళ్లి విడిపించుకుంటారు. మనకి అవేం ఉండవు కదా. వెనక ముళ్లచెట్టు, నెత్తి మీద కొమ్మ, కాళ్ల ముందు తుంగ, నాచు, చేతిలో ఒకటే రాడ్. అందుకే నేను ఎవరు అడిగినా ముందు చెప్పే మాట ఒకటే, షాపుకి వెళ్లేముందు మీరు ఎక్కువగా నిలబడే గట్టు దగ్గరకి వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగి చూడండి, ఆ తర్వాత కాళ్ల ముందు ఏముందో చూడండి. రాడ్ పొడవెంతో వెనకున్నది చెప్తుంది, ఎంత గట్టిది కావాలో ముందున్నది చెప్తుంది.

ముందు ఒక చిన్న విషయం, కొత్తవాళ్ల కోసం. క్యాస్టింగ్ రాడ్ అంటే రీల్ (లైన్, అంటే దారం, చుట్టుకునే చక్రం) పైన కూర్చునేది, గైడ్స్, అంటే లైన్ దూరే రింగులు కూడా పైకే ఉంటాయి, పట్టుకునే చోట కింద వేలు ఆనించుకోడానికి తుపాకి ట్రిగ్గర్ లాంటి కొక్కెం ఉంటుంది. స్పిన్నింగ్ రాడ్‌కి రీల్ కింద వేలాడుతుంది, మొదటి గైడ్ పెద్ద రింగులా ఉంటుంది. రెండూ చూడటానికి కర్రలే గానీ ఒకదాని రీల్ ఇంకోదానికి పెట్టకూడదు. ఇంకోటి, మీరు వేసే లూర్లన్నీ పావు ఔన్సు కంటే, అంటే 7 గ్రాముల కంటే తేలికవే అయితే అసలు క్యాస్టింగ్ రాడ్ జోలికి వెళ్లకండి, స్పిన్నింగ్ తీస్కోండి, ఎందుకంటే బెయిట్‌కాస్టర్, అంటే క్యాస్టింగ్ రాడ్ మీద పెట్టే రీల్‌లో, లైన్ చుట్టి ఉండే స్పూల్‌ని తిప్పాల్సింది ఆ లూర్ బరువే, బరువు చాలకపోతే దూరం పోదు సరికదా లైన్ గూడులా అల్లుకుపోతుంది. మరి క్యాస్టింగ్ ఎందుకంటే, బరువైన లైన్, బరువైన లూర్, నాచులోంచి చేపని ఈడ్చుకురావడం, కొమ్మ కింద చెయ్యి వెడల్పు సందులో లూర్ పెట్టడం, ఈ పనులన్నిటికీ ఇదే బావుంటుంది. బొటనవేలు స్పూల్ మీదే ఉంటుంది కాబట్టి లూర్‌ని గాల్లోనే ఆపొచ్చు.

సరే పొడవు సంగతి. బాస్ కోసం అమ్మే క్యాస్టింగ్ రాడ్లలో ఎక్కువ భాగం 6 అడుగుల 6 అంగుళాల నుంచి 7 అడుగుల 6 అంగుళాల మధ్యలో ఉంటాయి. పొడుగు రాడ్ వల్ల లాభాలు నిజమే, లూర్ దూరం పోతుంది, హుక్ కొట్టేటప్పుడు, అంటే చేప నోట్లో ముల్లు దిగేలా రాడ్ గట్టిగా లాగేటప్పుడు, వదులుగా ఉన్న లైన్ ఒక్క ఊపులో లాగేస్తుంది, అన్నిటికంటే గట్టు మీద వాళ్లకి పనికొచ్చేది ఏంటంటే కాళ్ల ముందు తుంగ ఉంటే దాని మీదుగా లైన్ ఎత్తి పట్టుకోవచ్చు. కానీ అది వెనక ఖాళీ ఉన్నప్పుడు.

నేను మొదట కొన్నది 7 అడుగుల 6 అంగుళాలది, హెవీ, మంచి రాడ్డే. నేను వెళ్లే చోట చెట్టు గొడుగులాగా గట్టు మీదకి వంగి ఉండేది, నెత్తి మీదుగా వెయ్యడం కుదరదు, పక్క నుంచి వేస్తే కుడి వైపు పొద. ఒకరోజు పక్క నుంచి ఊపితే చివర కొమ్మకి తగిలి టిక్ అని సన్నగా చప్పుడొచ్చింది, చూస్తే గీత కూడా లేదు, వేలితో తడిమినా ఏం తెలీలేదు, సరే అని వేసుకుంటూనే ఉన్నా. రెండు వారాల తర్వాత ఒక మాదిరి చేప పట్టుకుంటే హుక్ కొట్టా, చివర నుంచి జానెడు కింద సరిగ్గా అక్కడే పుటుక్కున విరిగింది, చేప వెళ్లిపోయింది, ఆ సాయంత్రం ఇంటికి వచ్చేదాకా మనసు మనసులో లేదు. కార్బన్ తత్వమే అది, సరిగ్గా వంచితే బాగానే తట్టుకుంటుంది గానీ దెబ్బ తగిలితే లోపల పీచు చిట్లుతుంది, పైకి కనపడదు, తర్వాత ఎప్పుడో బరువు పడ్డప్పుడు అక్కడ తెగుతుంది.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి. ఇంట్లో ఉన్న ఏదైనా 7 అడుగుల కర్రో పైపో తీస్కొని, చివర జానెడున్నర తాడుకి చిన్న బరువు కట్టి, మీ చోట నిలబడి నెత్తి మీదుగా, పక్క నుంచి, కింద నుంచి ఊపి చూడండి. ఎక్కడా తగలకపోతే 7 అడుగులు, ఇంకా ఖాళీ ఉంటే 7 అడుగుల 3 అంగుళాలు కూడా హాయిగా తీస్కోవచ్చు. తగుల్తుంటే 6 అడుగుల 6 నుంచి 6 అడుగుల 10 అంగుళాల మధ్యలో చూడండి, దూరం తగ్గిపోతుందేమో అని బెంగ పెట్టుకోకండి, బాస్ చాలాసార్లు గట్టుని ఆనుకునే ఉంటుంది, పడిపోయిన చెట్టు పక్కన, తుంగ అంచున, నీడలో. గట్టుకి సమాంతరంగా వేసుకుంటూ నడిచేవాడికి నడిమధ్యకి విసిరేవాడి కంటే ఎక్కువ కాట్లు పడటం నేను చాలాసార్లు చూశా. సరైన చోట పడటమే ముఖ్యం.

పిడి పొడవు కూడా చూడాలి, ఇది చాలామంది చూడరు. రీల్ కూర్చునే చోటు నుంచి వెనక చివరి దాకా ఉన్న భాగం మరీ పొడుగైతే ఇరుకు చోట మణికట్టుతో చిన్నగా వేసేటప్పుడు మోచేతికో చొక్కాకో తగులుకుంటుంది, మరీ పొట్టి అయితే రెండు చేతులతో పట్టి దూరం వెయ్యడానికి ఊతం దొరకదు. రాడ్ పట్టుకుని పిడిని ముంజేతి కింద ఆనిస్తే చివర మోచెయ్యి దగ్గరకో ఒక్క అంగుళం అటుఇటుగానో రావాలి, అంతే, నాకైతే అదే సరిపోయింది.

ఇప్పుడు పవర్. దీంట్లో మీడియం, మీడియం హెవీ, హెవీ అని రాసుంటుంది, రాడ్ ఎంత బరువుకి లొంగుతుంది అని దాని అర్థం. గట్టు మీద వాడికి ఒక్క రాడ్ అంటే నా ఓటు మీడియం హెవీకే. కారణం నాచు. బాస్ కాటు పడగానే కిందకి, చెత్తలోకి దూరుతుంది, బోటు వాడైతే దాని మీదకి వెళ్లి నిలువుగా లాగుతాడు, మనం నిలబడ్డ చోటు నుంచి అడ్డంగా ఆ చెత్త మొత్తం మీదుగా ఈడ్చాలి, చాలాసార్లు చేపతో పాటు కిలో నాచు కూడా వస్తుంది. మీడియం రాడ్ అక్కడ వంగిపోయి చేతులెత్తేస్తుంది. నీళ్లు తేటగా, అడుగు ఖాళీగా, చేపలు చిన్నవిగా ఉన్న చోటైతే మీడియం చాలు, పట్టేటప్పుడు సరదాగా కూడా ఉంటుంది. పైనంతా చాపలా పరుచుకున్న ఆకుల మీద కప్ప లూర్ లాగేవాళ్లకి హెవీ, 50 నుంచి 65 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (పోగులు అల్లిన) లైన్, అది వేరే ఆట.

అయితే మీడియం హెవీ అన్న పేరుని నమ్ముకోకండి, ఒక కంపెనీ మీడియం హెవీ ఇంకో కంపెనీ హెవీ అంత బిరుసుగా ఉంటుంది. పిడికి కొంచెం పైన సన్న అక్షరాల్లో అంకెలు ఉంటాయి, అవి చదవండి. లూర్ పావు ఔన్సు నుంచి 1 ఔన్సు అని, లైన్ 12 నుంచి 20 పౌండ్లు అని ఉంటే మనకి కావాల్సింది దాదాపు అదే. ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు. మీ డబ్బాలో ఎక్కువగా వాడే లూర్లు ఆ రేంజ్ మధ్యలో పడాలి, అంచుల్లో కాదు, అంచు దగ్గర రాడ్ వేస్తుంది గానీ సుఖంగా వెయ్యదు. ఇంకో చిన్న చిక్కు ఉంది, జిగ్, అంటే తలకి బరువు పోసిన హుక్, దాని మీద రాసిన బరువు ఒక్క జిగ్‌దే, దానికి వెనక తగిలించే రబ్బరు పురుగు బరువు కలపలేదు. ఔన్సులో ఎనిమిదింట మూడు వంతులు, అంటే పదిన్నర గ్రాముల జిగ్‌కి లావుపాటి రబ్బరు తోక తగిలిస్తే అరౌన్సు దగ్గరకి పోతుంది. వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి, తేడా తెలుస్తుంది.

యాక్షన్ అనేది పవర్ కాదు, ఈ రెండూ కలిపేసుకుంటారు చాలామంది. రాడ్ ఎక్కడ నుంచి వంగుతుంది అన్నదే యాక్షన్. ఫాస్ట్ అంటే చివరి మూడో వంతే వంగుతుంది, మిగతాది బిగుసుకుని ఉంటుంది. మోడరేట్ అంటే సగం దాకా వంగుతుంది. రబ్బరు పురుగు, జిగ్ లాంటివాటికి లావుపాటి ఒంటి హుక్ ఉంటుంది, అది దవడ ఎముకలోకి దిగాలంటే గట్టిగా కొట్టాలి, దానికి ఫాస్ట్ కావాలి. క్రాంక్‌బెయిట్‌కి, అంటే చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి లూర్‌కి, ఉండే మూడు ముళ్ల హుక్కులు సన్నవి, వాటంతట అవే గుచ్చుకుంటాయి, కానీ బిరుసు రాడ్‌తో లాగితే అంతే సులువుగా ఊడొస్తాయి, దానికి మోడరేట్ మంచిది. గట్టు మీద మనకి ఇంకో ఇబ్బంది, చేప సరిగ్గా కాళ్ల దగ్గరకి వచ్చాక ఆఖరి ఎగురు ఎగురుతుంది, అప్పటికి బయట ఉన్న లైన్ ఐదారు అడుగులే, అంత తక్కువ లైన్‌లో సాగుడు ఏముంటుంది, అందులోనూ బ్రెయిడ్ అయితే దాదాపు సాగనే సాగదు, ఆ కుదుపంతా రాడ్డే మింగాలి. అందుకే పురుగులూ జిగ్‌లే వేస్తా అనేవాళ్లు ఫాస్ట్ తీస్కోండి, అన్నీ కాస్త కాస్త వేసేవాళ్లు మోడరేట్ ఫాస్ట్ అని ఉంటుంది, అది తీస్కోండి. ఎక్స్‌ట్రా ఫాస్ట్ ఒక్క రాడ్ వాడికి వద్దు.

ఇది షాపులో ఎలా తెలుస్తుంది అంటే, చాలామంది రాడ్ చివరని సీలింగుకి ఆనించి వంచుతారు, దయచేసి ఆ పని చెయ్యకండి, అలా ఒక్క చోటే బరువు పడి కొత్త రాడ్లు కూడా విరుగుతాయి. గైడ్స్‌లోంచి లైన్ ఎక్కించి, చివర ఒకర్ని పట్టుకోమని, మీరు రాడ్‌ని ఏటవాలుగా ఎత్తి మెల్లగా లాగండి, వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కంటికి కనపడుతుంది. అప్పుడే ఇంకో పని, తుపాకి గురి చూసినట్టు ఒక కన్ను మూసి పిడి వైపు నుంచి చివరకి చూడండి, గైడ్స్ అన్నీ ఒకే గీతలో ఉండాలి. ఇయర్‌బడ్ ఒకటి జేబులో వేస్కెళ్లండి, ఒక్కో రింగు లోపల గుండ్రంగా తిప్పితే పింగాణీ ఎక్కడన్నా చిట్లి ఉంటే దూది పోగు పట్టుకుంటుంది, అలాంటి రింగు లైన్‌ని కోసేస్తుంది, మీరేమో లైన్ మంచిది కాదనుకుంటారు. గైడ్స్ సంఖ్య అడుగుకి ఒకటి, పైన ఇంకోటి ఉంటే సరిపోయినట్టే.

మెటీరియల్ విషయంలో ఖరీదైనదే మంచిది అని గుడ్డిగా వెళ్లకండి. ఎక్కువ మాడ్యులస్ (అంటే ఎక్కువ బిరుసు) కార్బన్ తేలిగ్గా ఉంటుంది, అడుగున రాయికి తగిలిందా కర్రకి తగిలిందా కూడా చేతికి తెలుస్తుంది, కానీ రాడ్ గొట్టం గోడ పల్చగా ఉంటుంది కాబట్టి దెబ్బలకి ఓర్చుకోదు, గట్టు మీద రాడ్ రాళ్లకి తగులుతుంది, పొదల్లోంచి దూరుతుంది, నేల మీద పడుకుంటుంది. మధ్య రకం కార్బన్ గానీ, కార్బన్, ఫైబర్‌గ్లాస్ కలిపిన కాంపోజిట్ గానీ ఎక్కువ కాలం వస్తుంది. ఐఎం6, ఐఎం7 అని రాసున్న అంకెలు చూసి రెండు కంపెనీల రాడ్లని పోల్చకండి, అది అందరికీ ఒకే కొలత కాదు. ఒక్క మాట మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి, కార్బన్‌లోంచి కరెంటు పారుతుంది. గట్టు మీదుగా కరెంటు తీగలు పోతుంటే అక్కడ రాడ్ ఎత్తకండి, ఉరుము వినపడిందంటే చేప కొరుకుతున్నా సరే కింద పెట్టేసి అక్కణ్ణుంచి వెళ్లిపోండి.

ఒక ముక్కదా రెండు ముక్కలదా? బండి మీదో బస్సులోనో వెళ్లేవాళ్లు రెండు ముక్కలది నిశ్చింతగా తీస్కోండి, ఇప్పటి జాయింట్లు బాగానే ఉంటున్నాయి, కాకపోతే వేసేకొద్దీ పై ముక్క కొంచెం వదులై పక్కకి తిరుగుతుంది, అరగంటకోసారి బిగించుకోండి.

బరువు చూసేటప్పుడు ఉత్త రాడ్ చేత్తో పట్టుకుని తేలిగ్గా ఉంది అనేస్తారు, అది లెక్కలోకి రాదు, మీ రీల్ తీసుకెళ్లి బిగించి పట్టుకోండి. గట్టు మీద మనం లూర్‌ని లోతు నుంచి మెరక మీదకి లాక్కొస్తాం, అడుగు మనవైపు పైకి లేస్తూ వస్తుంది, అందుకే దగ్గరకొచ్చేకొద్దీ రాడ్ చివర ఎత్తకపోతే రాళ్లలో ఇరుక్కుంటుంది. అంటే రోజంతా చివర ఎత్తి పట్టుకునే పని. ముందు బరువున్న రాడ్ అయితే గంటలో మణికట్టు పట్టేస్తుంది. రీల్‌కి కాస్త ముందు ఒక వేలి మీద ఆనిస్తే అటూఇటూ ఒరక్కుండా నిలబడితే మంచిది. పిడి కార్క్ అయినా ఫోమ్ అయినా మీ ఇష్టం. హుక్ తగిలించుకునే చిన్న కొక్కెం మాత్రం ఉందో లేదో చూడండి, అది లేకపోతే నడిచేటప్పుడు హుక్‌ని గైడ్ రింగుకి తగిలిస్తారు, పింగాణీ అక్కడే చిట్లుతుంది.

కొన్నాక ముందు ఖాళీ మైదానంలో హుక్కులు తీసేసిన అరౌన్సు లూర్‌తో అరగంట వెయ్యండి, రీల్ బ్రేక్ ఎక్కువ మీద పెట్టి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా తగ్గించుకోండి. చేప పడ్డాక గట్టు మీదకి రాడ్‌తో ఎత్తకండి, రాడ్ నిలువుగా దాటి వెనక్కి వంగితే బరువంతా చివర సన్నటి భాగం మీద పడి విరుగుతుంది, రాడ్ పక్కకి వంచి చేపని అంచుకి తెచ్చి, కిందకి దిగి కింది దవడ బొటనవేలితో పట్టుకుని తీస్కోండి, గట్టు నిటారుగా ఉండి దిగే వీలు లేకపోతే పొడుగు కాడ ఉన్న వల ఒకటి రాడ్‌తో పాటే కొనుక్కోండి.