ఆయిల్ నిండుగానే ఉంది, క్యామ్ మాత్రం అరిగింది

నా బైక్ ఇంజిన్ పైభాగంలో టిక్ టిక్ శబ్దం మొదలైంది. ఆయిల్ లెవెల్ చూస్తే సరిగ్గానే ఉంది. ట్యాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) సెట్ చేయిస్తే తగ్గింది, కొన్ని వారాలకే మళ్లీ వచ్చింది. హెడ్ కవర్ విప్పించాను. వాల్వులను తెరిపించే క్యామ్ మీద గీతలు, ఆ కదలికను వాల్వుకు అందించే రాకర్ ఆర్మ్ మీద గుంట!

తప్పు నాదే. తిరిగింది తక్కువేగా అని రెండేళ్లు ఆయిల్ మార్చలేదు. అవీ చిన్న చిన్న దూరాలే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే తేమ, పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఆయిల్‌లో జెడ్‌డీడీపీ అనే జింకు, ఫాస్ఫరస్ ఉన్న రసాయనం కలుపుతారు. లోహాలు ఒరుసుకునే చోట అది 100 నానోమీటర్లు అటూ ఇటుగా మందమున్న పొర కడుతుంది. ఆ పొర అరుగుతుంటుంది, మళ్లీ కట్టుకుంటుంటుంది. తేమకు, కాలానికి ఆ రసాయనమే చెడిపోతే కట్టేదేముంది? ఇక అరిగేది లోహమే. ఆయిల్‌లో ఆమ్లాలను విరిచే డిటర్జెంట్లు ఖర్చయ్యాక ఆ ఆమ్లాలూ తోడవుతాయి. ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ ఇవేవీ చెప్పదు.

విడిగా అమ్మే అడిటివ్ పోసి చూద్దామా అనుకున్నాను గానీ, పోయిన లోహం దానితో తిరిగి రాదు. క్యామ్‌షాఫ్ట్, రాకర్ ఆర్మ్‌లు మార్పించి, మాన్యువల్‌లో ఉన్న గ్రేడ్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయించాను. లోహపు పొడి పోవాలని 500 కిలోమీటర్లకే మరోసారి మార్చాను. ఇప్పుడు కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికోసారి మార్చేస్తున్నా. శబ్దం మళ్లీ రాలేదు.