పెట్రా బ్యాండ్‌ని మొదటి నుంచి చివరిదాకా వినాలంటే: ఎవరొచ్చారు, ఎవరెళ్లారు అన్న తికమక లేకుండా

అమెరికాకి చెందిన క్రైస్తవ రాక్ బ్యాండ్ పెట్రాని వినడం మొదలుపెట్టినవాళ్లకి ఎక్కడో ఒకచోట తల తిరుగుతుంది. నాకూ తిరిగింది. నేను మొదట విన్నది 1990లో వచ్చిన 'బియాండ్ బిలీఫ్'. గొంతు చించుకుని పాడుతున్నా శ్రుతి తప్పని ఆ గరుకు గొంతు విని, పెట్రా అంటే ఇదే అనుకుని నెలల తరబడి అదే విన్నాను. తర్వాత ఎవరో చెప్తే 1981 నాటి 'నెవర్ సే డై' పెట్టాను. గొంతు వేరు, వాద్యాలు వేరు, పాట నడకే వేరు. ఇంకో బ్యాండ్ ఆల్బమ్ పెట్టానేమోనని పేరు మళ్లీ చూసుకున్నాను. అదీ పెట్రానే. 1972 నుంచి 2005 దాకా 33 ఏళ్లు నడిచిన బ్యాండ్ ఇది. ఇన్నేళ్లలో వచ్చి వెళ్లినవాళ్ల పేర్లన్నీ గుర్తుపెట్టుకోవాలని చూస్తే మీకు విసుగొస్తుంది, పాటలు పక్కకి పోతాయి. అందుకే నేను ఏం చేశానో, ఏ క్రమంలో వింటే ఈ కథ చెవికి ఎక్కుతుందో రాస్తున్నాను.

ముందు ఒక్క పేరు పట్టుకోండి: బాబ్ హార్ట్‌మన్. గిటారిస్టు, స్థాపకుడు, ఎక్కువ పాటలు రాసింది ఆయనే. 1972లో ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో గ్రెగ్ హఫ్ గిటార్, జాన్ డిగ్రాఫ్ బాస్, బిల్ గ్లోవర్ డ్రమ్స్, హార్ట్‌మన్ కలిసి ఈ బ్యాండ్ మొదలుపెట్టారు. పెట్రా అంటే గ్రీకు భాషలో బండ. మత్తయి సువార్త 16వ అధ్యాయంలో పేతురుతో యేసు చెప్పే మాటలో ఉన్న బండ అదే. ఇంగ్లిష్‌లో బండనీ ఈ సంగీతాన్నీ ఒకే మాటతో, రాక్ అనే పిలుస్తారు కాబట్టి ఆ పేరు రెండువైపులా అతికింది. చర్చిలో ఎలక్ట్రిక్ గిటార్ కనిపిస్తేనే ముఖం చిట్లించే రోజుల్లో ఆ పేరు పెట్టుకోవడానికి ధైర్యం కావాలి, నాకైతే ఇప్పటికీ ఆ పేరంటే చాలా ఇష్టం.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకోండి. అడ్డంగా సంవత్సరాలు వేయండి, నిలువుగా ఐదు వరుసలు: గాయకుడు, గిటార్, బాస్, కీబోర్డ్, డ్రమ్స్. గిటార్ వరుసలో 1972 నుంచి 1995 దాకా హార్ట్‌మన్ పేరుతో ఒక గీత గీసేయండి. మొత్తం కథకి దూలం అదే, మిగతా పేర్లన్నీ దానికి ఆనుకునే నిలబడతాయి. చాలామంది గాయకుడి వరుస పట్టుకుని మొదలుపెడతారు, అక్కడే తప్పిపోతారు. గొంతు మారగానే బ్యాండే మారిపోయిందనిపిస్తుంది మరి. రాసే చేయి మాత్రం మారలేదు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే 1974 పాటకీ 2003 పాటకీ మధ్య చుట్టరికం మీకే తెలుస్తుంది.

గాయకుల వరుస నిజానికి చాలా చిన్నది. మొదటి ఆల్బమ్ 1974లో వచ్చింది, పేరు కూడా 'పెట్రా'యే, అందులో పాడింది హార్ట్‌మన్, హఫ్ వాళ్లే. ఇద్దరూ గిటార్ వాళ్లు, గొంతుల్లో అంత బలం లేదు, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. 1977లో 'కమ్ అండ్ జాయిన్ అస్' చేసేటప్పుడు గ్రెగ్ ఎక్స్. వోల్జ్‌ని అతిథిగా పిలిచారు. ఆయన తర్వాత పూర్తిగా బ్యాండ్‌లోకి వచ్చి 1985 చివరిదాకా పాడాడు. 1986 నుంచి జాన్ ష్లిట్, 2005 దాకా ఆయనే. అంటే కాగితం మీద మీరు గట్టిగా రాసుకోవాల్సిన పేర్లు రెండే: వోల్జ్, ష్లిట్. ఈ ఇద్దరి గొంతుల్నీ కళ్లు మూసుకుని పట్టుకోగలిగితే సగం పని అయిపోయినట్టే. వోల్జ్ గొంతు పలచగా, పైకి వెళ్లేకొద్దీ తేలికవుతుంది. ష్లిట్ గొంతు పైకి వెళ్లేకొద్దీ గరుకెక్కుతుంది.

వినే క్రమం దగ్గర మాత్రం నా మాట వినండి, 1974 నుంచి మొదలుపెట్టకండి. చరిత్ర కాబట్టి మొదటి నుంచి వినాలనిపిస్తుంది, నేనూ అలాగే చేసి మూడో రోజుకి ఆపేశాను. మొదటి ఆల్బమ్‌లో అమెరికా దక్షిణాది రాక్ ఛాయలు, కాస్త కంట్రీ సంగీతం, కాస్త సరదా, ఇంకా దారి వెతుక్కుంటున్న కుర్రాళ్ల పాటలు. 1979లో వచ్చిన 'వాషెస్ వైటర్ దాన్' మెత్తటి ఆల్బమ్, అప్పటికి పాత నలుగురిలో మిగిలింది హార్ట్‌మన్ ఒక్కడే. ఇవి చివర్లో వింటేనే వాటి విలువ తెలుస్తుంది.

'నెవర్ సే డై'తో మొదలుపెట్టండి. గిటార్ ఆకారంలో ఉన్న నౌక బొమ్మ అట్టమీద ఉంటుంది, ఆ బొమ్మ ఆ తర్వాత కొన్నాళ్లు బ్యాండ్‌కి గుర్తులా నిలిచిపోయింది. ఈ ఆల్బమ్ నాటికి డ్రమ్స్‌కి లూయీ వీవర్, బాస్‌కి మార్క్ కెల్లీ వచ్చారు. వీవర్ పేరు పక్కన కూడా పొడవాటి గీత గీయండి, 1981 నుంచి 2003 దాకా ఆయనే వాయించాడు. ఇందులో 'ది కలరింగ్ సాంగ్' అని చాలా నెమ్మదైన పాట ఉంది, అది క్రైస్తవ రేడియోల్లో బాగా తిరిగింది, బ్యాండ్ నిలబడటానికి ఆ పాట చాలా సాయపడింది. రాక్ బ్యాండ్‌ని కాపాడింది ఒక మెత్తటి పాట కావడం విచిత్రమే, కానీ దాన్ని పక్కన పెట్టి గట్టి పాటలే వింటే ఆ ఆల్బమ్ సగమే విన్నట్టు.

తర్వాత 1982 నాటి 'మోర్ పవర్ టు యా'. కీబోర్డ్ మీద జాన్ స్లిక్ వచ్చాడు, శబ్దం నిండుగా మారింది. ఇందులో 'జూడాస్ కిస్' పాట మొదట్లో అర్థం కాని గొణుగుడు వినిపిస్తే కంగారుపడకండి. రాక్ పాటల్ని వెనక్కి తిప్పి వింటే సైతాను మాటలు ఉంటాయని అమెరికాలో గోలగోలగా ఉన్న రోజులవి. వీళ్లు కావాలనే ఒక మాటని తిరగేసి పెట్టారు. దాన్ని సరిచేసి వింటే, ప్రభువుని వెతకాల్సిన మీరు సైతానుని ఎందుకు వెతుకుతున్నారు అని అడుగుతుంది. ఆ కాలంలో వాళ్లమీద ఎంత ఒత్తిడి ఉందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

1983 నాటి 'నాట్ ఆఫ్ దిస్ వరల్డ్', ఆ తర్వాతి 'బీట్ ది సిస్టమ్' వరసగా వినండి. సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్) శబ్దం పెరుగుతూ వెళ్తుంది, చివరికి గిటార్ వెనకబడిందనిపిస్తుంది. కొందరికి నచ్చదు. నాకు నచ్చుతుంది, కానీ రోజూ వినలేను. ఈ దశలోనే స్లిక్ స్థానంలో జాన్ లారీ వచ్చాడు, మెడలో తగిలించుకునే కీబోర్డ్‌తో వేదికంతా తిరిగే మనిషి. కాగితం మీద ఆయన పేరు 1994 దాకా పోతుంది.

ఇక్కడ ఆగి ఒక చిన్న సాధన చేయండి, దీనివల్ల నా చెవి నిజంగా మారింది. 'గాడ్ గేవ్ రాక్ అండ్ రోల్ టు యు' పాట మొదట పెట్రాది కాదు, ఆర్జెంట్ అనే ఇంగ్లిష్ బ్యాండ్‌ది. దాన్ని పెట్రా 1977లో ఒకసారి, 'బీట్ ది సిస్టమ్'లో మళ్లీ ఒకసారి రికార్డ్ చేసింది. రెండుసార్లూ పాడింది వోల్జే. రెండూ వెంటవెంటనే వినండి. పాట ఒకటే, గొంతు ఒకటే కాబట్టి మారినదేదో అది వాయించేవాళ్ల వల్లా, ఆ ఏళ్ల పరికరాల వల్లా మారిందన్నమాట. అప్పుడు మీ చెవి గాయకుడిని దాటి వెనకాల ఉన్నవాళ్ల మీదకి వెళ్తుంది.

సరిహద్దు రాయి 1986లో వచ్చిన లైవ్ ఆల్బమ్ 'క్యాప్చర్డ్ ఇన్ టైమ్ అండ్ స్పేస్'. వోల్జ్ కాలానికి అది ముగింపు. దాన్ని పూర్తిగా విని ఒకరోజు ఆగండి. వెంటనే తర్వాతిది పెడితే కొత్త గాయకుడిని పాతవాడితో పోల్చుకుంటూ కూర్చుంటారు, పాట వినరు.

జాన్ ష్లిట్ కథ తెలిసి వింటే ఆయన పాట ఇంకోలా వినిపిస్తుంది. ఆయన 70ల్లో హెడ్ ఈస్ట్ అనే రాక్ బ్యాండ్‌లో గాయకుడు, పేరున్న బ్యాండే. మత్తుమందులు, తాగుడు ఆయన్ని తినేశాయి, 1980లో ఆ బ్యాండ్ నుంచి బయటికి రావాల్సి వచ్చింది. తర్వాత ప్రభువుని నమ్ముకుని, పాడటం మానేసి, చదువుకున్న ఇంజినీరింగ్ ఉద్యోగం చేసుకుంటూ ఉన్నాడు. కొన్నేళ్లు మైకు ముట్టని ఆ మనిషికి హార్ట్‌మన్ నుంచి పిలుపొచ్చింది. ఆయన పాడిన మొదటి ఆల్బమ్ 1986లో వచ్చిన 'బ్యాక్ టు ద స్ట్రీట్'. ఇది మధ్యరకం ఆల్బమ్ అని నా అభిప్రాయం, గొంతు దొరికింది గానీ ఆ గొంతుకి తగిన పాటలు ఇంకా కుదరలేదు. 1987లో 'దిస్ మీన్స్ వార్!' వచ్చేసరికి కుదిరాయి.

ఈ దశలో నిర్మాతల పేర్లు తప్పకుండా చూడండి. 80ల మొదటి ఆల్బమ్‌ల వెనక జొనాథన్ డేవిడ్ బ్రౌన్ ఉన్నాడు. ష్లిట్ వచ్చాక ఆ పని జాన్, డినో ఎలిఫాంటే అన్నదమ్ములు తీసుకున్నారు. జాన్ ఎలిఫాంటే అంతకుముందు కాన్సస్ బ్యాండ్‌లో గాయకుడు. కోరస్‌లో గొంతులు గోడ కట్టినట్టు దట్టంగా వినిపిస్తే అది ఆ అన్నదమ్ముల పనితనం. నేను చాలాకాలం ఆ మార్పంతా ష్లిట్ తెచ్చాడనే అనుకున్నాను, క్రెడిట్స్ చదివాకే తెలిసింది. సభ్యుల పేర్లతోపాటు నిర్మాతకి కాగితం మీద ఆరో వరుస వేసుకోండి.

1988లో బాస్‌కి రానీ కేట్స్ వచ్చాడు. హార్ట్‌మన్, ష్లిట్, లారీ, కేట్స్, వీవర్. ఈ ఐదుగురే 1994 దాకా కదలకుండా ఉన్నారు, పెట్రా చరిత్రలో ఇంత నిలకడ ఇంకెప్పుడూ లేదు. 'ఆన్ ఫైర్!', ఆరాధన గీతాలతో 'పెట్రా ప్రెయిజ్', 'బియాండ్ బిలీఫ్', 'అన్‌సీన్ పవర్', 'వేకప్ కాల్' ఈ కాలంవే. చివరి మూడింటికీ అమెరికా సంగీత అవార్డులైన గ్రామీలు వచ్చాయి. తీరిక తక్కువగా ఉంటే మిగతావి వదిలేసి ఈ ఐదూ వినండి, ఒక్కోటి కనీసం మూడుసార్లు. కలిసి ఏళ్ల తరబడి వాయించినవాళ్ల మధ్య ఉండే ఆ పట్టు 'బియాండ్ బిలీఫ్'లో మొదటి పాట నుంచే తెలుస్తుంది.

1995 నుంచి కష్టం మొదలవుతుంది. హార్ట్‌మన్ టూర్లు మానేశాడు, పాటలు రాయడం మాత్రం మానలేదు. స్థాపకుడు ఇంట్లో ఉండి రాస్తే వేదిక మీద వేరేవాళ్లు వాయించే బ్యాండ్ అయింది అది. కాగితం మీద గిటార్ గీతని ఇక్కడ ఆపకండి, చుక్కల గీతగా మార్చండి. ఈ చోట మీ పట్టికలో పేర్లు దగ్గర దగ్గరగా ఇరుక్కుంటాయి, అన్నీ బట్టీపట్టక్కర్లేదు. 1998 నాటి 'గాడ్ ఫిక్సేషన్'లో గిటార్ పీట్ ఓర్టా, బాస్ లానీ చేపిన్ అని గుర్తుంటే చాలు. అది పెట్రాలా వినిపించదని చాలామంది అంటారు, నాకూ అలాగే అనిపించింది, కానీ దాన్ని వేరే బ్యాండ్ ఆల్బమ్ అనుకుని వింటే బాగుంటుంది. 2000లో పాత పాటల్నే ఎక్కువగా మళ్లీ పాడిన 'డబుల్ టేక్' నాలుగో గ్రామీ తెచ్చింది.

2003లో 'జెకిల్ అండ్ హైడ్' వచ్చింది, న్యూస్‌బాయ్స్ బ్యాండ్ పీటర్ ఫర్లర్ దాని నిర్మాణంలో ఉన్నాడు. హార్ట్‌మన్ గిటార్ పట్టుకుని తిరిగొచ్చాడు. చుక్కల గీత మళ్లీ నిండు గీత అవుతుంది. 30 ఏళ్ల బ్యాండ్ అంత గట్టిగా వాయిస్తుందని నేను అస్సలు అనుకోలేదు, దాన్ని కాస్త శబ్దం పెంచే వినండి. 2005లో వీడ్కోలు టూర్, టెనెసీలోని ఫ్రాంక్లిన్‌లో లైవ్ ఆల్బమ్, ఆ ఏడాది డిసెంబర్ 31 రాత్రి మర్‌ఫ్రీస్‌బరోలో ఆఖరి కచేరీ.

ఇప్పుడు వెనక్కి వెళ్లి 1974, 1977, 1979 ఆల్బమ్‌లు వినండి. వాటి తర్వాత 2010లో వచ్చిన 'బ్యాక్ టు ద రాక్' పెట్టండి. వోల్జ్, హార్ట్‌మన్, కెల్లీ, లారీ, వీవర్ మళ్లీ కలిసి క్లాసిక్ పెట్రా పేరుతో ఎక్కువగా పాత పాటల్నే కొత్తగా రికార్డ్ చేశారు. పాతికేళ్ల తర్వాత అదే వోల్జ్ గొంతులో వయసు ఎక్కడ తగిలిందో, ఎక్కడ తగల్లేదో వినడం నాకు చాలా ఇష్టమైన పని.

ఇంకొకటి. పాత ఆల్బమ్‌ల లోపలి కాగితాల్లో పాటల మాటల దగ్గర బైబిల్ వచనాల సంఖ్యలు ఉంటాయి, డిజిటల్‌గా వినేవాళ్లకి ఇవి కనపడవు. పాత క్యాసెట్టో రికార్డో దొరికితే ఆ సంఖ్యల్ని మీ పట్టిక పక్కన రాసుకోండి, పాట విన్నాక ఆ వచనం తెరిచి చదవండి. 'దిస్ మీన్స్ వార్!' వినే రోజు బైబిల్‌లో ఆత్మీయ యుద్ధం గురించి చెప్పే ఎఫెసీయులకు 6వ అధ్యాయం పక్కన పెట్టుకోండి.