ఆల్పైన్‌లో ఉత్తరాలూ న్యూస్‌గ్రూపులూ: అమర్చుకునే పద్ధతి

ఈమెయిలుకూ, యూజ్‌నెట్ అనే పాత చర్చా వేదికలోని గ్రూపులకూ (వీటినే న్యూస్‌గ్రూపులు అంటారు) నేను వాడేది ఆల్పైన్. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే అక్షరాల తెరలో నడిచే ప్రోగ్రాం. ఉత్తరాన్ని అక్షరాలుగా చూపిస్తుంది, అంతే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1989లో మొదలైన పైన్ అనే ఈమెయిలు ప్రోగ్రాంకు ఇది వారసురాలు. 2007లో అపాచీ లైసెన్సుతో విడుదలైంది. 1990లలో అమెరికాలో చదువుకున్న నాలాంటివాళ్లకు పైన్ బాగా తెలుసు. సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గ్రూపులో పద్యాల మీద, వంటల మీద, వ్యాకరణం మీద వాదించుకున్నది అందులోనే. అప్పటి టెర్మినళ్లలో తెలుగు లిపి లేదు కాబట్టి, రైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాసేవాళ్లం. ఆల్పైన్‌కు యూనికోడ్ వచ్చు. ఇప్పుడు తెలుగును తెలుగులోనే రాయవచ్చు.

గూగుల్ గ్రూప్స్ 2024 ఫిబ్రవరి 22 నుంచి యూజ్‌నెట్ కొత్త టపాలను (గ్రూపుల్లో రాసే సందేశాలను) తీసుకోవడం మానేసింది. కాబట్టి న్యూస్‌గ్రూపులు చదవాలంటే సొంత రీడరు, ఒక న్యూస్ సర్వరు కావాలి. ఇలాంటి ప్రోగ్రాంలలో మట్ ఉత్తరాలకు చాలా మంచిది. ఎస్ఎల్‌ఆర్ఎన్ న్యూస్‌కు చాలా మంచిది. రెండు పనులూ ఒకే చోట, మెనూ చూసుకుంటూ నేర్చుకునేలా కావాలంటే ఆల్పైనే సరైనదని నా అభిప్రాయం.

ఒక మాట ముందే చెబుతాను. చిరునామాలు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే చేయాలి.

ఉబుంటు, డెబియన్, ఫెడోరాలలో ప్యాకేజీ పేరు ఆల్పైనే. మ్యాక్‌లో హోంబ్రూ అనే ప్యాకేజీల సాధనం ద్వారా దొరుకుతుంది. ఆల్పైన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంతో దీనికి సంబంధం లేదు. వెతికేటప్పుడు అది ఎక్కువగా ఎదురవుతుంది, పట్టించుకోకండి.

ముందు ఉత్తరాలు

జీమెయిల్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. మీ మామూలు పాస్‌వర్డ్ ఇక్కడ పనిచేయదు. గూగుల్ ఖాతాలో రెండంచెల ధృవీకరణ పెట్టుకుని, యాప్ పాస్‌వర్డ్ (ఇలాంటి ప్రోగ్రాంల కోసం ఇచ్చే విడి పాస్‌వర్డ్) తయారు చేసుకోండి. 16 అక్షరాలు వస్తాయి. వాటిని కాగితం మీద రాసుకోండి, ఆ తెర మూసేస్తే మళ్లీ చూపించదు.

ఆల్పైన్ తెరిస్తే ప్రధాన మెనూ వస్తుంది. ఎస్ నొక్కి సెటప్‌లోకి, అక్కడ సీ నొక్కి కాన్ఫిగ్‌లోకి వెళ్లండి. జాబితా చాలా పొడవు. చూసి కంగారు పడనవసరం లేదు, మొదటి పదీ పదిహేను వరుసలే ముఖ్యం. ఏదైనా పేరు వెతకాలంటే డబ్ల్యూ నొక్కండి. విలువ మార్చడానికి సీ, గడిలో గుర్తు పెట్టడానికి ఎక్స్.

పర్సనల్ నేమ్ దగ్గర మీ పేరు. యూజర్ డొమైన్ దగ్గర జీమెయిల్.కామ్. ఉత్తరాలు పంపే ఎస్ఎంటీపీ సర్వర్ దగ్గర ఎస్ఎంటీపీ.జీమెయిల్.కామ్:587/టీఎల్ఎస్/యూజర్= (smtp.gmail.com:587/tls/user=) అని రాసి, వెంటనే ఖాళీ లేకుండా మీ పూర్తి చిరునామా. ఇన్‌బాక్స్ పాత్ దగ్గర సీ నొక్కితే ముందు సర్వరు పేరు అడుగుతుంది: ఐమ్యాప్.జీమెయిల్.కామ్/ఎస్ఎస్ఎల్/యూజర్= (imap.gmail.com/ssl/user=), మళ్లీ మీ చిరునామా. తరువాత ఫోల్డరు పేరు అడిగితే ఇన్‌బాక్స్ అని ఇవ్వండి.

ఇక్కడ రెండు చిక్కులు దాటాలి. కంప్యూటర్‌లో మీ లాగిన్ పేరు, జీమెయిల్ పేరు వేరైతే పంపేవారి చిరునామా తప్పుగా వెళుతుంది. కస్టమైజ్డ్ హెడర్స్ అనే వరుసలో ఫ్రమ్ అని, కోలన్ పెట్టి, మీ పేరూ సరైన చిరునామా రాస్తే అది సర్దుకుంటుంది. రెండోది, పంపిన ఉత్తరాన్ని జీమెయిల్ తనంతట తానే దాచుకుంటుంది. ఆల్పైన్ కూడా ఇంకో ప్రతి దాస్తుంది. పంపినవాటి ప్రతి ఎక్కడ దాచాలో చెప్పే డిఫాల్ట్ ఎఫ్‌సీసీ వరుసలో రెండు కొటేషన్ గుర్తులు మాత్రమే, మధ్యలో ఏమీ లేకుండా పెడితే ఆ రెండో ప్రతి ఆగిపోతుంది.

ఈ (E) నొక్కి బయటకు రండి. మార్పులు ఉంచమంటారా అని అడిగితే వై.

ప్రతిసారీ పాస్‌వర్డ్ టైపు చేయడం విసుగనిపిస్తే, మీ హోం డైరెక్టరీలో .పైన్-పాస్‌ఫైల్ (.pine-passfile) అనే ఖాళీ ఫైలు సృష్టించండి. తరువాతి సారి పాస్‌వర్డ్ దాచమంటారా అని ఆల్పైనే అడుగుతుంది. కొత్త వెర్షన్లు దాన్ని మాస్టర్ పాస్‌వర్డ్‌తో తాళం వేసి దాస్తాయి. ఆ మాస్టర్ పాస్‌వర్డ్ ఖాళీగా వదలకండి.

న్యూస్‌గ్రూపులు

ఎటర్నల్ సెప్టెంబర్ అనే సర్వరులో ఉచితంగా ఖాతా ఇస్తారు. అక్కడ అక్షర రూపంలోని గ్రూపులే ఉంటాయి, మనకు కావలసినవీ అవే. ఖాతా వచ్చాక కాన్ఫిగ్‌లో ఎన్ఎన్‌టీపీ (న్యూస్‌గ్రూపుల టపాలు తెచ్చే పద్ధతి) సర్వర్ వరుసలో న్యూస్.ఎటర్నల్-సెప్టెంబర్.ఆర్గ్:563/ఎస్ఎస్ఎల్/యూజర్= (news.eternal-september.org:563/ssl/user=) అని, పక్కనే మీ ఖాతా పేరు రాయండి. ఎన్ఎన్‌టీపీకి పాత పోర్టు 119. 563 అయితే పాస్‌వర్డ్ దారిలో ఎవరికీ కనపడకుండా వెళుతుంది.

ఆల్పైన్‌ను మూసి మళ్లీ తెరవండి. ఎల్ నొక్కితే మీ ఫోల్డర్ల కింద న్యూస్ కూడా కనిపిస్తుంది. అందులోకి వెళ్లి ఏ (A) నొక్కితే చందా, అంటే గ్రూపు మీ జాబితాలో చేరుతుంది. గ్రూపు పేరు మొత్తం గుర్తులేకపోతే కొంత భాగం ఇచ్చినా చాలు, సరిపోయేవన్నీ చూపిస్తుంది. మొదటిసారి జాబితా రావడానికి కాస్త సమయం పడుతుంది. కాంప్.లాంగ్.సీ, ఆల్ట్.ఫోక్‌లోర్.కంప్యూటర్స్ లాంటి వాటితో మొదలుపెట్టండి. రాసి చూడాలనుకుంటే ఆల్ట్.టెస్ట్ ఉంది, దాని పనే అది.

ఇప్పుడు చెప్పబోయేది అందరినీ తికమక పెట్టే విషయం. ఈమెయిలులో ఉత్తరం తెరిస్తే చదివినట్టు సర్వరు గుర్తు పెట్టుకుంటుంది. న్యూస్‌లో మీరు ఏం చదివారో సర్వరు లెక్క పెట్టుకోదు. ఆ లెక్క మీ కంప్యూటర్‌లోని .న్యూస్‌ఆర్‌సీ ఫైలులో ఉంటుంది. తెరిచి చూడండి: ఒక్కో వరుసలో గ్రూపు పేరు, చందా ఉంటే కోలన్, మానేస్తే ఆశ్చర్యార్థకం, ఆ తరువాత టపాల సంఖ్యలు. ఒక టపాకు అక్కడ ఒకే ఒక్క గుర్తుకు చోటుంది. ఆల్పైన్ ఆ చోటును డీ కీకి కేటాయించింది. అంటే ఊరికే చదివి వచ్చేస్తే ఏమీ నమోదు కాదు, రేపు అదే టపా మళ్లీ ఎదురుగా నిలబడుతుంది. చదివాక డీ నొక్కాలి. అది సర్వరు నుంచి చెరిపివేయదు, మీ కళ్లకు మాత్రం కనపడకుండా చేస్తుంది. చివరిసారి డీ నొక్కిన టపా తరువాత వచ్చినవాటినే ఆల్పైన్ కొత్తవిగా చూపిస్తుంది. ఈ ఒక్క అలవాటు పడితే గ్రూపులు చదవడం హాయిగా సాగుతుంది. వ్యాసమంతా మరచిపోయినా ఇది గుర్తుంచుకోండి.

ఉత్తరాలు వచ్చిన వరుసలో, న్యూస్ మాత్రం సంభాషణల వారీగా కనపడాలి. ఇందుకు సెటప్‌లో ఆర్ (R), తరువాత ఓ (O) నొక్కి కొత్త నియమం చేర్చండి. కరెంట్ ఫోల్డర్ టైప్ దగ్గర న్యూస్ ఎంచుకుని, క్రమం దగ్గర థ్రెడ్ పెట్టండి. ఎవరు ఎవరికి జవాబిచ్చారో చెట్టు కొమ్మల్లా కనిపిస్తుంది. వందల టపాల గ్రూపులో ఇది లేకుండా చదవడం నా వల్ల కాదు.

అదే ఆర్ మెనూలో రోల్స్ కూడా ఉన్నాయి, అంటే సందర్భాన్ని బట్టి వేరే పేరుతో, వేరే చిరునామాతో రాయడానికి చేసుకునే అమరికలు. న్యూస్‌లో రాసిన చిరునామా లోకమంతటికీ కనపడుతుంది, చెత్త ఉత్తరాలు పంపేవాళ్లకు కూడా. న్యూస్ ఫోల్డరులో ఉన్నప్పుడు వేరే చిరునామా, వేరే సంతకం వచ్చేలా ఒక రోల్ తయారు చేసుకోండి. బ్యాంకు ఉత్తరాలు వచ్చే చిరునామాను గ్రూపుల్లో ఎప్పుడూ పెట్టకండి.

జవాబు రాసేటప్పుడు

న్యూస్‌లో ఆర్ నొక్కితే గ్రూపుకా, రాసినవారికి విడిగానా, ఇద్దరికీనా అని అడుగుతుంది. ఆగి చూసి ఎంచుకోండి. పాత మాటల ముందు కోణం గుర్తులు (>) వస్తాయి. మీరు జవాబిస్తున్న వాక్యాలు ఉంచి, మిగతావి కంట్రోల్-కేతో కత్తిరించి, వాటి కింద మీ మాట రాయండి. రెండు వందల వరుసలు ఎత్తిపెట్టి కింద ఒక్క ముక్క రాస్తే చదివేవారి సమయం మీద గౌరవం లేనట్టే. ఒక వరుసలో ఎన్ని అక్షరాలు పట్టాలో చెప్పే కంపోజర్ ర్యాప్ కాలమ్ 74 ఉంటుంది. నేను 72 పెట్టాను, ఇంకొకరు జవాబిచ్చినప్పుడు కోణం గుర్తులకు చోటు మిగులుతుంది. కంట్రోల్-ఓ నొక్కితే సగం రాసినది దాచుకుంటుంది. కోపంతో రాసినది నేను అలా దాచి, మర్నాడు చదివాకే పంపుతాను. పంపడానికి కంట్రోల్-ఎక్స్.

తెలుగు విషయంలో ఆల్పైన్ తన పని తాను చేస్తుంది, తేడా వచ్చేది టెర్మినల్‌లో. కొన్ని టెర్మినళ్లు ఒత్తులను విడదీసి చూపిస్తాయి. శ్రీ, జ్ఞానం, రాష్ట్రం అనే మూడు మాటలు టైపు చేసి చూస్తే సంగతి తెలుస్తుంది. కాన్సోల్, ఎంఎల్‌టెర్మ్ అనే టెర్మినళ్లు నాకు నచ్చినవి. నోటో శాన్స్ తెలుగు లేదా లోహిత్ ఫాంటు పెట్టుకోండి. ఒత్తులు బాగా కుదిరినా వరుసల చివర్లు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఉత్తరం అందుకునేవారికి ఆ ఇబ్బంది ఉండదు.

ఇంత కష్టపడి అమర్చుకున్నదంతా .పైన్‌ఆర్‌సీ అనే ఒక్క ఫైలులో ఉంటుంది. దాన్నీ .న్యూస్‌ఆర్‌సీనీ పెన్‌డ్రైవులో కాపీ చేసి ఉంచుకుంటే, కొత్త కంప్యూటర్‌లో ఆ రెండూ పెట్టగానే అన్నీ యథాస్థానంలోకి వస్తాయి. పాస్‌వర్డ్ ఫైలును మాత్రం ఆ పెన్‌డ్రైవులో చేర్చకండి.