గది ఎంత, ఏసీ ఎంత, బిల్లు ఎంత: కొనేముందే లెక్క వేసుకోవడం ఎలా?

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఏసీ షాపులోకి అడుగుపెడితే మొదట అడిగేది "గది ఎంతండీ?" అని. టెన్ బై ట్వెల్వ్ అంటే "ఒకటిన్నర టన్ను తీసేసుకోండి సార్" అంటారు. టెన్ బై టెన్ అన్నా దాదాపు అదే జవాబు. ఆ గది ఏ అంతస్తులో ఉంది, పడమటి గోడ ఉందా, నెలకు ఇప్పటికే ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి అన్న సంగతులు ఎవరూ అడగరు. నిజానికి డబ్బంతా ఖర్చయ్యేది వాటి దగ్గరే. ఒక టేపు, ఒక కాగితం, పోయిన నెల కరెంటు బిల్లు దగ్గర పెట్టుకుంటే అరగంటలో ఈ లెక్క మీరే తేల్చుకోవచ్చు.

ముందు టన్ను అంటే ఏమిటో

ఇది ఏసీ బరువు కాదు, అది తాగే కరెంటూ కాదు. గది లోంచి గంటకు ఎంత వేడిని బయటికి తోడేస్తుందో చెప్పే కొలత. ఒక టన్ను మంచును 24 గంటల్లో కరిగించేంత వేడి అన్న పాత లెక్క నుంచి వచ్చింది. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక కొలమానం), వాట్లలో చెప్పాలంటే సుమారు 3,500. ఒకటిన్నర టన్నుకు 18,000 బీటీయూలు, అంటే దాదాపు 5,300 వాట్లు. లేబుల్ మీద ఈ వాట్ల అంకె చూసి "అమ్మో, గంటకు ఐదు యూనిట్లా!" అని టెన్షన్ పడేవాళ్లున్నారు. అది తోడేసే వేడి. ఫుల్ స్పీడులో నడిచేటప్పుడు ఒకటిన్నర టన్ను ఏసీ లాగే కరెంటు సుమారు 1,500 వాట్లు ఉంటుంది.

ఒక జాగ్రత్త. డబ్బా మీద "1.5 టన్ను" అని రాసిన మోడళ్లన్నీ సమానం కావు. ఒకటి 4,800 వాట్లు తోడితే ఇంకొకటి 5,200 తోడుతుంది. రెండు మోడళ్ల ధరలు పోల్చేటప్పుడు టన్నును వదిలేసి లేబుల్ మీది కూలింగ్ కెపాసిటీ అంకెలు పోల్చండి. తక్కువ ధరకు వస్తోందనుకున్నది తక్కువ కెపాసిటీదని చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

గదిని కొలవండి, రాత్రి తొమ్మిదికి గోడ ముట్టుకోండి

పొడవు, వెడల్పు అడుగుల్లో కొలిచి గుణించండి. వచ్చిన చదరపు అడుగులను 80తో గుణించండి. మధ్య అంతస్తులో, పదడుగుల ఎత్తున్న పడకగదిలో ఇద్దరు పడుకుంటారనుకుంటే, మన ఎండలకు కావలసిన బీటీయూలు ఉజ్జాయింపుగా అవి. 10×12 గది 120 చదరపు అడుగులు, కాబట్టి 9,600 బీటీయూలు. ఒక టన్ను చాలు.

ఇక దీని మీద కలపాల్సినవి ఉంటాయి. అసలు తేడా వచ్చేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. మే నెలలో ఒక రాత్రి తొమ్మిది గంటలకు గదిలో ఫ్యాను ఆపి పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. తర్వాత తూర్పు గోడ మీద పెట్టండి. ఎండ పోయి రెండు మూడు గంటలైనా పడమటి గోడ ఇంకా వెచ్చగా తగులుతుంది. పగలంతా తాగిన ఎండను ఇటుక, కాంక్రీటు అప్పుడు లోపలికి వదులుతుంటాయి. పై అంతస్తయితే మంచం మీద నిలబడి పైకప్పు కూడా ముట్టుకోండి. మీరు ఏసీ వేసుకుని పడుకునే వేళకే డాబా తన వేడి దించడం మొదలుపెడుతుంది. అందుకే ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే కొలతల గదిలో, రెండో అంతస్తు వాళ్లకు సరిపోయిన ఏసీ అయిదో అంతస్తు వాళ్లకు చాలదు.

పైకప్పు మీద నేరుగా ఎండ పడే గదికి నాలుగో వంతు కలపండి. పడమటి గోడ ఉంటే పదో వంతు, ఆ గోడకు పెద్ద అద్దాల కిటికీ ఉంటే ఇంకో పదో వంతు. ఇద్దరిని మించి పడుకునే ఒక్కో మనిషికి 600 బీటీయూలు. వంటగదిలోకి తెరిచి ఉన్న హాలుకైతే 4,000. ఇది ఇంజినీరు వేసే పూర్తి లెక్క కాదు, ఇంటి అవసరానికి సరిపోయే అంచనా.

ఇప్పుడు అదే 10×12 గది సత్యనారాయణపురంలో ఒక పాత మేడ మీద ఉందనుకుందాం. పైన డాబా, పక్కన పడమటి గోడ. 9,600కు డాబా కోసం 2,400, గోడ కోసం 960 కలిపితే 12,960. ఒక టన్ను చాలదు, ఒకటిన్నర తీసుకోవాలి. బ్రాడీపేటలో 12×15 గది మధ్య అంతస్తులో ఉంటే 14,400, ఒకటిన్నర టన్ను హాయిగా సరిపోతుంది. అదే గది పై అంతస్తులో పడమటి గోడతో ఉంటే 19,440, ఒకటిన్నర టన్నును దాటిపోయింది.

ఇలాంటప్పుడు వెంటనే రెండు టన్నులకు వెళ్లకండి. ముందు డాబా మీదికి వెళ్లండి. వేసవికి ముందే తెల్లటి కూల్ రూఫ్ పెయింటో, కనీసం సున్నమో వేయించి, పడమటి కిటికీకి బయటి వైపు నుంచి వెదురు చాపో షేడ్ నెట్టో కట్టిస్తే, కలపాల్సిన అంకెలే తగ్గుతాయి. కిటికీకి లోపల వేసే కర్టెన్ కంటే బయట ఆపిన ఎండకే లాభం ఎక్కువ, ఎందుకంటే అద్దం దాటిన వేడి ఎలాగూ గదిలోకి వచ్చేసినట్టే. పెయింటుకు పెట్టే డబ్బు ఏసీ ఆపి ఉన్న గంటల్లో కూడా పనిచేస్తుంది. నా సలహా అడిగితే పై అంతస్తు వాళ్లకు మొదటి ఖర్చు ఇదే అంటాను.

ఇంకో మాట. ఏసీ కెపాసిటీని లెక్క కట్టేది బయట 35 డిగ్రీలున్నప్పుడు. మన దగ్గర మే నెల మధ్యాహ్నాలు 42, 43 తాకుతాయి. అప్పుడు అదే ఏసీ కొంత తక్కువే తోడుతుంది. కాబట్టి లెక్క 11,500 దగ్గర ఆగితే ఒక టన్నుతో సరిపెట్టకండి. పది శాతమైనా మిగులు ఉంచుకోండి.

పెద్దది కొంటే పోలా?

పోదు. బందరు సముద్రం విజయవాడకు సుమారు 70 కిలోమీటర్ల దూరమే, పక్కనే కృష్ణ. మనల్ని వేధించేది ఎండతో పాటు ఉక్కపోత కూడా. ఏసీ గాలిని చల్లబరచడంతో పాటు చెమ్మను నీళ్లుగా మార్చి పైపు గుండా బయటికి పంపాలి. దానికి కాయిల్ మీదుగా గాలి కాసేపు ఆడాలి. చిన్న గదికి పెద్ద ఏసీ పెడితే అయిదు నిమిషాల్లో గది చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, చెమ్మ మాత్రం అలాగే ఉంటుంది. చలిగా ఉంటుంది, ఒళ్లు మాత్రం జిడ్డుగా ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ వేగం తగ్గించుకుని నడుస్తుంది కాబట్టి ఈ బాధ తక్కువే. అయినా అక్కర్లేని అర టన్నుకు డబ్బు ఎందుకు పెట్టాలి? ఇన్వర్టర్ కాని ఏసీ అయితే మాత్రం పెద్ద సైజు జోలికి అసలు పోవద్దు.

లేబుల్ మీద చూడాల్సింది

నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకండి. ప్రమాణాలను మధ్యమధ్యలో పెంచుతుంటారు కాబట్టి పాత స్టాకులోని అయిదు స్టార్లు, కొత్త అయిదు స్టార్లు ఒకటి కావు. లేబుల్ మీద అది ఏ ఏడాది వరకు చెల్లుతుందో ఉంటుంది, చూడండి. ఐఎస్ఈఈఆర్ అనే అంకె ఉంటుంది. కాల్చిన కరెంటుకు ఎంత వేడి తోడుతుందో చెప్పేది అదే, అది ఎంత ఎక్కువైతే అంత మంచిది. దాని పక్కనే ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది. ఆ అంకె 1,600 గంటల వాడకానికి వేసినది. దాన్ని 1,600తో భాగిస్తే గంటకు సగటున ఎన్ని యూనిట్లో తెలుస్తుంది. లేబుల్ మీద 1,000 యూనిట్లుంటే గంటకు 0.62, 780 ఉంటే 0.49.

ఇది సగటు. రాత్రి బయటి గాలి 30 డిగ్రీలకు దిగాక నడిచే ఏసీకి ఈ అంకె దగ్గరగానే ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు, పైగా అప్పుడే ఆన్ చేస్తే, మొదటి గంటలో ఒక యూనిట్ దాటినా ఆశ్చర్యం లేదు. కాబట్టి మే నెల లెక్కకు లేబుల్ సగటు మీద ఇంకాస్త వేసుకోండి. 0.62ను 0.7 అనుకోండి.

అసలు లెక్క: ఏసీ యూనిట్లు ఏ శ్లాబులో పడతాయి?

చాలామంది పోయిన నెల బిల్లును యూనిట్లతో భాగించి, "యూనిట్ నాలుగు రూపాయలు పడుతోంది కదా" అని దాన్నే ఏసీకీ వేసుకుంటారు. తర్వాతి నెల బిల్లు చూసి మీటరు తప్పు చూపిస్తోందని అనుమానపడతారు. మీటరు బాగానే ఉంటుంది. మన రాష్ట్రంలో ఇళ్లకు 2022-23 నుంచి నడుస్తున్న శ్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయల చొప్పున, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు, మోటారు చవక శ్లాబులను ముందే నింపేస్తాయి. ఏసీ వాటి నెత్తిన వచ్చి కూర్చుంటుంది. దాని యూనిట్లన్నీ ఖరీదైన చివరి శ్లాబుల్లోనే పడతాయి.

ఒక ఇంటికి వేసి చూద్దాం. ఏసీ లేకుండా నెలకు 180 యూనిట్లు: 57 + 135 + 225 + 330, మొత్తం 747 రూపాయలు. ఇప్పుడు పడకగదిలో ఏసీ రోజూ రాత్రి ఎనిమిది గంటలు. నెలకు 240 గంటలు, గంటకు 0.7 చొప్పున 168 యూనిట్లు. మొత్తం 348 యూనిట్లు. 225 వరకు 1,017 రూపాయలు, మిగతా 123 యూనిట్లకు 8.75 చొప్పున 1,076. కలిపి 2,093. అంటే ఏసీ వల్ల పెరిగింది 1,346 రూపాయలు, యూనిట్‌కు ఎనిమిది పడింది. నాలుగు రూపాయల లెక్క వేసుకున్నవాళ్లు అందులో సగమే అనుకుని ఉంటారు.

రెండో గదిలో కూడా అదే ఏసీ, అన్నే గంటలు నడిస్తే మొత్తం 516 యూనిట్లు, 3,679 రూపాయలు. రెండో ఏసీ కూడా కాల్చింది 168 యూనిట్లే, కానీ ఖర్చు 1,586. ఎండలు బాగా మండే ఆ రోహిణి కార్తె రోజుల్లో ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకుంటే ఎంత మిగులుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఫిక్స్‌డ్ ఛార్జీ, విద్యుత్ సుంకం, సర్దుబాటు ఛార్జీలు వీటికి అదనం. మీ బిల్లు మీద ఆ వరుసలు విడిగా కనిపిస్తాయి, శ్లాబుల ధరలు మారాయేమో కూడా అక్కడే సరిచూసుకోండి.

మూడు స్టార్లా, అయిదు స్టార్లా?

ఇది గంటల మీద ఆధారపడే నిర్ణయం. లేబుల్ మీద 1,000 యూనిట్లున్నది మూడు స్టార్లది, 780 ఉన్నది అయిదు స్టార్లది అనుకుంటే, ఆ రెండు ఏసీల మధ్య తేడా గంటకు 0.14 యూనిట్ కంటే కాస్త తక్కువ. నాలుగు నెలలు, రాత్రి ఎనిమిది గంటలే అయితే ఏడాదికి 960 గంటలు, మిగిలేది 132 యూనిట్లు. 8.75 చొప్పున 1,155 రూపాయలు. ధరలో తేడా 9,000 ఉంటే అది రాబట్టుకోవడానికి దాదాపు ఎనిమిదేళ్లు. అలాంటి ఇంటికి మంచి మూడు స్టార్ల ఇన్వర్టర్ చాలు, మిగిలిన డబ్బు డాబా పెయింటుకు పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుండి పగలూ రాత్రీ పదహారు గంటలు నడిస్తే 264 యూనిట్లు, అవీ 9.75 శ్లాబులో, ఏడాదికి 2,574. మూడున్నరేళ్లలో తేడా తీరిపోతుంది. వాళ్లు అయిదు స్టార్లే కొనాలి.

బిగించే ముందు, బిగించాక

ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ (లోడు మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్) ఉండాలి. పాత ఇళ్లలో లైట్ల పాయింటు నుంచి లాగేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, వైరు వేడెక్కి కాలిపోతుంది. బిల్లు మీద ఉన్న లోడు ఎన్ని కిలోవాట్లో చూసి, చాలకపోతే మన కరెంటు పంపిణీ సంస్థ సీపీడీసీఎల్‌లో అదనపు లోడుకు దరఖాస్తు చేయండి. ఔట్‌డోర్ యూనిట్‌ను పడమటి ఎండలోనో, మూసేసిన బాల్కనీలోనో పెట్టించకండి. తాను వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటే ఎన్ని స్టార్లున్నా లాభం లేదు.

థర్మోస్టాట్ సంగతి తెలిసిందే. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 26 పెట్టి సీలింగ్ ఫ్యాను చిన్నగా తిప్పితే ఒంటికి 24లాగే ఉంటుంది.

ఏసీ వచ్చిన వారంలో మీ లెక్కను మీటరుతోనే సరిచూసుకోండి. రాత్రి పడుకునే ముందు, పొద్దున ఏసీ ఆపగానే మీటరు మీది కేడబ్ల్యూహెచ్ అంకె, అంటే యూనిట్ల అంకె, రాసుకోండి. ఏసీ వేయని ఒక రాత్రి కూడా అలాగే రాసుకుంటే ఫ్రిజ్, ఫ్యాన్ల వాటా తెలుస్తుంది, దాన్ని తీసేయండి. మిగిలినదాన్ని గంటలతో భాగిస్తే మీ ఏసీ అసలు అంకె వస్తుంది. అది లేబుల్ సగటుకు రెట్టింపు దగ్గర ఉంటే ముందు ఫిల్టరు కడగండి, తలుపు కింది సందు మూయండి, ఔట్‌డోర్ యూనిట్‌కు గాలి ఆడుతోందో లేదో చూడండి. అప్పటికీ తగ్గకపోతే వారంటీ ఉండగానే మెకానిక్‌ను పిలిపించి గ్యాస్ ప్రెషర్ చూపించండి.