ఫ్యాన్లు తిరుగుతాయి, బొమ్మ మాత్రం రాదు

కొత్త పీసీ బిగించి స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం 'నో సిగ్నల్' అంటుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో సామాన్లు కొని మారతహళ్లి గదుల్లో బిగించుకునే మనవాళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లు ఎక్కువగా ఇవే. అందరూ ప్రాసెసర్ పోయిందనే అనుకుంటారు. అది పోవడం అరుదు, మదర్‌బోర్డుతో పొత్తు కుదరకపోవడమే ఎక్కువ.

ముందు మానిటర్ వైరు చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే వైరు కార్డుకే పెట్టాలి. కార్డు లేకపోతే ప్రాసెసర్ పేరు చివరిదాకా చదవండి. ఇంటెల్‌లో 12400ఎఫ్ లాగా చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీ వాళ్ల రైజన్ 5 5600లోనూ ఉండదు, 5600జీలో ఉంటుంది. దీనికి రిపేరంటూ లేదు: కార్డు కొనాలి, లేదా ప్రాసెసర్ మార్చుకోవాలి.

అదీ సరిగ్గానే ఉంటే, ప్రాసెసర్ పక్కన 8 పిన్నుల పవర్ వైరు గుచ్చారా? చాలామంది మర్చిపోయేది ఇదే.

ఇక అసలు తలనొప్పి బయోస్, అంటే ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్. మా బావమరిది రైజన్ 5 5600, దానికి బి450 బోర్డు కొన్నాడు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఒకటే, ఏఎం4. కానీ ఆ బి450 రకం వచ్చింది 2018లో, ప్రాసెసర్ 2022లో. షాపులో ఎన్నాళ్లనుంచో పడి ఉన్న బోర్డుకి ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు. బోర్డు మీద సీపీయూ (అంటే ప్రాసెసర్) అని రాసున్న చోట ఎర్ర లైటు అలాగే నిలబడిపోయింది. వాడు కంగారుపడి ప్రాసెసర్ మూడుసార్లు తీసి పెట్టాడు. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి కదా, రెండు వంగాయి. పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా నిలబెట్టాం. చివరికి అదే షాపులో పాత 2000 సిరీస్ ప్రాసెసర్ పెట్టి బయోస్ అప్‌డేట్ చేస్తే, ఒక్కసారికే బొమ్మ వచ్చింది.

బోర్డుకి బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ఈ తిరుగుడు అక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, మాన్యువల్ చెప్పిన పేరుతో ఫైలు వేసి, బోర్డు మీద దానికోసం గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ పోర్టులో పెట్టి బటన్ నొక్కాలి. ప్రాసెసర్ లేకపోయినా పని అవుతుంది. వాన పడే సాయంత్రం, యూపీఎస్ లేకుండా మాత్రం మొదలుపెట్టకండి, మధ్యలో కరెంటు పోతే బోర్డే మొండికేస్తుంది. కొనేముందే బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ చూసి, ఏ బయోస్ వెర్షన్ కావాలో షాపువాణ్ని అడిగితే ఇదంతా ఉండదు.

ఎర్ర లైటు డీర్యామ్ (అంటే ర్యామ్) అని రాసున్న చోట ఆగితే ర్యామ్ తీసి, టక్కుమనేదాకా నొక్కి పెట్టండి. ఒకటే స్టిక్ అయితే సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్. ఇంటెల్ ఎల్జీఏ1700 సాకెట్ బోర్డుల్లో కొన్నిటికి డీడీఆర్4 రకం ర్యామ్, కొన్నిటికి డీడీఆర్5. గాడి కలవకపోతే బలవంతం చేయొద్దు. ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎం5 సాకెట్‌లో అన్నీ డీడీఆర్5వే. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమొరీ ట్రైనింగ్‌కి, అంటే బోర్డు ర్యామ్‌తో సర్దుకోవడానికి, కొన్ని నిమిషాలు పడుతుంది. అప్పుడు తెర నల్లగా ఉంటుంది, టెన్షన్ పడి స్విచ్ కట్టేయకండి, టీ పెట్టుకుని రండి.