మేడారం బయల్దేరే ముందు చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే: ఆక్సిజన్ సెన్సర్ జాగ్రత్తలు

రెండేళ్లకోసారి మాఘమాసం దగ్గర పడుతుంటే హన్మకొండలోని మా షెడ్డు ముందు బండ్లు వరుస కడతాయి. ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా మేడారం పోయే తొవ్వలో ట్రాఫిక్ ఆగిందంటే గంటలకొద్దీ ఫస్ట్ గేర్‌లోనే పాకాలి. పిల్లలు, ముసలివాళ్లు, మొక్కు బెల్లం అన్నీ బండిలోనే ఉంటాయి కాబట్టి నడిమధ్యలో ఆగొద్దని ముందే చూపించుకుంటారు. అప్పుడు తరచూ వినే మాట ఇది: "అన్నా, చెక్ ఇంజిన్ లైట్ వచ్చింది. స్కానర్ పెడితే ఓ2 (ఆక్సిజన్) సెన్సర్ అన్నరు. కొత్తది ఏసెయ్."

నేను వెంటనే వెయ్యను. 2024 ఫిబ్రవరి జాతరకు ముందు ఒక సారు బండికి అలాగే వేశాను. రెండో రోజే లైట్ మళ్లీ వచ్చింది. తెల్లవారుజామున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చెవి పెడితే ఇంజిన్ పొగను సైలెన్సర్ పైపుకు చేర్చే మానిఫోల్డ్ దగ్గర టిక్కుటిక్కుమని చప్పుడు. ప్యాకింగ్ పోయి, ఆ సందులోంచి బయటి గాలి సైలెన్సర్ పైపులోకి చేరుతోంది. పాత సెన్సర్ ఉన్నది ఉన్నట్టే చెప్పింది, నేనే వినలేదు. సెన్సర్ డబ్బులు ఆయనకు తిరిగిచ్చాను. అప్పటినుంచి పరీక్ష చేయకుండా దాని మీద పానా పెట్టలేదు.

సెన్సర్ పని ఇంతే. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బయటి గాలితో పోల్చి ఇంజిన్ కంప్యూటర్‌కు వోల్టేజీ పంపుతుంది. ఒక వంతు పెట్రోలుకు బరువులో 14.7 వంతుల గాలి సరైన పాళం. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు దగ్గరికి, గాలి ఎక్కువైతే 0.1 దగ్గరికి పోతుంది. తల 300 డిగ్రీలు దాటి కాగితే తప్ప సరిగా చెప్పలేదు, అందుకే లోపల హీటర్ ఉంటుంది.

ముందు స్కానర్ చూపే లోపం కోడ్ చూడండి. పీ 0135, పీ 0141 వస్తే హీటర్ లైను సమస్య. ముందు ఫ్యూజు చూడండి, తర్వాత వైరు. ఇంట్లో వడ్ల బస్తాలుంటే ఎలుకలు బండి వైర్లను వదలవు. వైరు బాగుంటే కనెక్టర్ విప్పి, ఒకే రంగున్న రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా 20 ఓమ్‌ల లోపు చూపిస్తుంది. ఏమీ చూపకపోతే హీటర్ తెగింది, సెన్సర్ మార్చాల్సిందే. పీ 0171 అంటే గాలి ఎక్కువైందని అర్థం. దానికి సెన్సర్ మార్చడం తొందరపాటు. చిరిగిన గాలి పైపు, లీకయ్యే ప్యాకింగ్, బలహీనమైన పెట్రోలు పంపు ముందు చూడాలి. పీ 0420 అంటే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సంగతి.

అనుమానం మిగిలితే ఇంజిన్ బాగా కాగాక స్కానర్‌లో కన్వర్టర్‌కు ముందున్న సెన్సర్ వోల్టేజీ చూడండి. 2,000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే అది 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగాలి. ఒక్కసారి గట్టిగా రేస్ ఇస్తే పైకి లేవాలి, వదిలితే కిందికి పడిపోవాలి. ఇలా స్పందించే సెన్సర్ బతికే ఉంది, లోపం ఇంకెక్కడో ఉంది. బద్ధకంగా కదిలితే ముసలిదైంది. కన్వర్టర్ వెనకున్న సెన్సర్ మాత్రం నిలకడగా ఉండాలి, ఊగకపోవడమే దాని ఆరోగ్యం. అయిదారు వైర్లున్న వైడ్‌బ్యాండ్ రకానికి ఈ లెక్క పనికిరాదు. ఈ పరీక్ష ఆరుబయటే చేయండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి లేవకుండానే పోతాడు.

ఇక మార్చడం. బండి వచ్చీరాగానే చెయ్యి పెట్టకండి. కన్వర్టర్ 400 డిగ్రీలకు పైనే పనిచేస్తుంది, పక్కనున్న పైపు చర్మాన్ని ఊడదీస్తుంది. పూర్తిగా చల్లారనిచ్చి, తుప్పు వదిలించే ఆయిల్ మరపై కొట్టి, కాసేపు ఆగండి. కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. మన నల్లరేగడిలో అది మెల్లగా దిగబడుతుంది. గట్టి నేల మీద స్టాండ్లు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, అప్పుడే తల కిందికి పోనివ్వండి. ముందు కనెక్టర్ విప్పాలి, లేదంటే పానాతోపాటు వైరూ మెలి తిరుగుతుంది. వైరు పట్టేందుకు చీలిక ఉన్న 22 మి.మీ. సాకెట్ వాడండి, మామూలు పానా అంచులను అరగదీస్తుంది.

కొత్తది కింద పడితే లోపలి పింగాణీ చిట్లుతుంది. తలకు గ్రీజు, నూనె తగలనివ్వకండి. మరకు పూసే పేస్టు చాలావాటికి ముందే వేసి ఉంటుంది, మళ్లీ పూయొద్దు. తక్కువ ధరకు వచ్చే కనెక్టర్ లేని సెన్సర్‌కు పాత వైరును సోల్డరింగ్ చేసి అతికించొద్దు. చాలా సెన్సర్లు పోల్చుకునే బయటి గాలిని ఆ వైరు పోగుల సందుల్లోంచే పీలుస్తాయి. ముందు చేత్తో తిప్పి మర సరిగ్గా పట్టిందని చూసుకున్నాకే బిగించండి. సాధారణంగా 40 నుంచి 50 న్యూటన్ మీటర్లు చాలు, మీ బండి మాన్యువల్‌లో ఉన్న లెక్కే వాడండి. వైరును పాత క్లిప్పుల్లోనే కట్టాలి, పైపుకు తగిలితే కరిగిపోతుంది. ఇంజిన్ దగ్గర ఎక్కడైనా సిలికాన్ ప్యాకింగ్ పేస్టు వాడితే డబ్బా మీద సెన్సర్‌కు హాని చెయ్యదని ఉన్నదే కొనండి. మామూలు సిలికాన్ ఆవిరి కొత్త సెన్సర్‌నూ చంపుతుంది.

ఈ పని ప్రయాణం ముందు రోజు రాత్రి పెట్టుకోవద్దు. కనీసం వారం ముందు చేసి, కోడ్ చెరిపి, ములుగు దాకా పోయి రండి. లైట్ రాకుండా, స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును పెంచి, తగ్గించి చేసే సర్దుబాటు) 10 శాతం లోపు ఉంటే బయల్దేరవచ్చు.

జాతర పార్కింగ్ చాలావరకు కోసిన పొలాల్లోనే. ఎండు గడ్డి, వరి కొయ్యకాళ్ల మీద వేడి బండి ఆపకండి, కన్వర్టర్ వేడికి అంటుకుంటుంది. ములుగు దగ్గరి గట్టమ్మ గుడి దాటాక లైట్ నిలకడగా వెలిగి, వేడి ముల్లు, పికప్ మామూలుగా ఉంటే మెల్లగా పోయి, తిరిగొచ్చాక చూపించుకోవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం ఇంజిన్ మిస్ అవుతూ కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోతోందని గుర్తు. పక్కన గడ్డి లేని చోట ఆపి, ఇంజిన్ బందు చేసి, అమ్మవార్ల దగ్గరికి వేరే బండిలో పోండి.