బ్రా టైటుగా ఉందా? బ్యాండ్ పెంచే ముందు కప్పు చూడండి

సైజు కుదరట్లేదని ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే: వేసుకున్నాక వంగి సర్దుకున్నారా? చాలామంది సర్దుకోరు. హుక్కులు ముందు పెట్టుకుని, గిర్రున వెనక్కి తిప్పి, స్ట్రాపులు భుజాల మీదికి లాగేసి అద్దం ముందు నిలబడతారు. అలా వేసుకుంటే కప్పులో ఉండాల్సిన రొమ్ములో కొంత చంక పక్కనే నలుగుతూ ఉండిపోతుంది. కాస్త ముందుకు వంగండి. ఎడమ కప్పులోకి కుడి చెయ్యి పోనిచ్చి, చంక కింది నుంచి రొమ్మును ముందుకు తెచ్చి కప్పులో కూర్చోబెట్టండి. రెండో వైపూ అంతే. ఇది చేయకుండా సైజు గురించి ఎంత మాట్లాడుకున్నా దండగే.

రెండో సంగతి, ఏ హుక్కు? కొత్త బ్రా అన్నిటికన్నా వదులుగా ఉండే వరసలోనే సరిపోవాలి. లోపలి వరసలు ఎలాస్టిక్ సాగాక వాడుకోవడానికి. కొన్న రోజే అన్నిటికన్నా లోపలి హుక్కు దాకా పోవాల్సి వచ్చిందంటే బ్యాండ్, అంటే ఛాతీ చుట్టూ తిరిగే పట్టీ, పెద్దదన్నమాట.

స్ట్రాపులు భుజాల్లో దిగబడుతున్నాయి, వీపు దగ్గర పట్టీ పైకి పోతోంది

ఈ రెండూ వేరువేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ చాలాసార్లు కారణం ఒకటే: బ్యాండ్ లూజు. బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది ఛాతీ చుట్టూ తిరిగే ఆ పట్టీయే. అది మోయకపోతే భారమంతా స్ట్రాపుల మీద పడుతుంది, అవి వెనక పట్టీని పైకి లాగుతాయి. అనుమానముంటే స్ట్రాపులు రెండూ భుజాల మీంచి దించి చూడండి. బ్రా ఉన్నచోటే నిలబడాలి, జారిపోకూడదు.

సైజులో అంకె బ్యాండ్‌ది, అక్షరం కప్పుది. బ్యాండ్ ఒక సైజు తగ్గిస్తే కప్పు ఒక అక్షరం పెంచాలి. 36బీ వేసుకునేవాళ్లు 34సీ చూడాలి, రెండింటి కప్పులో పట్టేది ఒకటే. 34బీ తెచ్చుకుని కప్పు చిన్నదైందని బ్రాని తిట్టి లాభం లేదు.

పక్కటెముకల దగ్గర పిండేస్తోంది, ఎప్పుడు విప్పేద్దామా అనిపిస్తోంది

జనం బోల్తా పడేది ఇక్కడే, నేనూ ఎన్నోసార్లు పడ్డాను. టైటుగా ఉందంటే బ్యాండ్ చిన్నదనే ఎవరైనా అనుకుంటారు. చాలాసార్లు బ్యాండ్ సరిగ్గానే ఉంటుంది, చిన్నది కప్పు.

కప్పులో రొమ్ము పట్టకపోతే అది కప్పును ముందుకు నెడుతుంది. కప్పు కింద ఉండే వైరు ఒంటికి ఆనకుండా ఎడంగా నిలబడుతుంది. ఆ ఎడానికి కావాల్సిన పొడవు ఎక్కణ్ణుంచి రావాలి? బ్యాండ్ నుంచే. చుట్టూ తిరగాల్సిన పట్టీ ముందుకు లాక్కుపోయి, పక్కలా వీపూ బిగుసుకుపోతాయి. నొప్పి పట్టీ దగ్గర, తప్పు కప్పు దగ్గర.

ఇప్పుడు 34బీ వద్దని 36బీ కొన్నారనుకోండి. హాయిగా ఉంటుంది! అక్షరం అదే అయినా 36బీ కప్పు 34బీ కప్పుకంటే పెద్దది. హాయి వచ్చింది కప్పు పెరిగినందువల్ల, మనం మాత్రం బ్యాండ్ పెంచాం కదా అనుకుంటాం. కొన్నాళ్లకు ఎలాస్టిక్ సాగుతుంది, వెనక పట్టీ పైకి పోతుంది, స్ట్రాపులు బిగిస్తాం, భుజాలు నొప్పెడతాయి. అంటే పైన చెప్పిన సమస్య దగ్గరికే వచ్చి పడ్డాం.

తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. బ్రాని తిరగేసి వేసుకోండి: కప్పులు వీపు మీద, హుక్కులు ముందు, రొమ్ముల కింద. స్ట్రాపులు వేసుకోవద్దు, హుక్కు మాత్రం మామూలుగా పెట్టుకునే వరసలోనే. ఇలా వేసుకున్నప్పుడు హాయిగా ఉంటే బ్యాండ్‌కి ఏ రోగమూ లేదు, కప్పే పెంచాలి. అప్పుడు కూడా పిండేస్తుంటే బ్యాండ్ నిజంగానే చిన్నది.

వైరు ఉన్న బ్రా అయితే ఇంకో రెండు సాక్ష్యాలు దొరుకుతాయి. రెండు కప్పుల మధ్య ముక్క ఛాతీ ఎముకకి ఆని ఉండాలి. గాల్లో తేలుతుంటే చాలాసార్లు కప్పు చిన్నదే. విప్పాక ఎర్రటి గీత ఎక్కడుందో చూడండి: రొమ్ము కింది మడతలో ఉంటే సరే, పక్కన రొమ్ము మీదికే ఎక్కి ఉంటే కప్పు చాలట్లేదు.

ఈ తికమకలో సగం కొలతల దగ్గరే మొదలవుతుంది. రొమ్ముల కింద కొలిచి దానికి 4 అంగుళాలు కలపమనే పాత లెక్క ఇంకా తిరుగుతూనే ఉంది. కలపొద్దు, పట్టీ ఎలాగూ సాగేదే. ఊపిరి వదిలి, టేపు ఒంటికి ఆనేలా కొలవండి. తర్వాత ముందుకు వంగి, ఎత్తుగా ఉన్నచోట నొక్కకుండా కొలవండి. తేడాలో ఒక్కో అంగుళానికి ఒక్కో అక్షరం: 1 అయితే ఏ, 2 బీ, 3 సీ, 4 డీ, 5 డబుల్ డీ. కింద 32, పైన 38 వచ్చిందంటే తేడా 6. బ్రిటిష్ లెక్కలో అది 32ఈ, అమెరికన్ లెక్కలో 32 ట్రిపుల్ డీ. అదే మనిషికి 4 కలిపి లెక్కేస్తే 36బీ వస్తుంది! ట్రిపుల్ డీ అని వినగానే "అంత పెద్దదా" అని వెనక్కి తగ్గొద్దు. బ్యాండ్ సంఖ్య చెప్పకుండా అక్షరం ఒక్కదానికీ అర్థం లేదు. కొలత మొదటి అంచనాయే, తీర్పు మాత్రం వేసుకుని చూశాకే.

కప్పు పైన ఖాళీగా ఉంది

వంగి సర్దుకున్నాక కూడా ఉందా? అయితే అది సైజు కంటే ఆకారం గొడవ కావచ్చు. కింది భాగం నిండుగా, పైభాగం పల్చగా ఉన్నవాళ్లకి పైదాకా కప్పే కప్పులు కుదరవు, సగం కప్పు రకం చూడండి. పైన ఖాళీ కాకుండా అంచు మీంచి పొంగుతుంటే మాత్రం ఆలోచించేదేం లేదు, కప్పు పెంచండి.

ఇక మిగతావి. ఒక రొమ్ము కాస్త పెద్దదైతే సైజు దానికే తీసుకుని, రెండో వైపు పలచటి ప్యాడ్ పెట్టుకుంటే చాలు. నెలసరి ముందు మాత్రమే బిగుతైతే ఆ రోజులకి సాగే రకం ఒకటి ఉంచుకోండి. వైరు గుడ్డ చించుకుని బయటికొస్తే కుట్టుకుంటూ కూర్చోకుండా పారేయండి. గడ్డలాంటిది తగిలినా, ఒకే చోట నొప్పి పోకపోయినా బ్రాలు మారుస్తూ కూర్చోవద్దు, డాక్టర్‌కి చూపించుకోండి.